కార్ల్‌సన్–కరువానా ఆరో ఆట (లండన్, 2018): 68వ ఎత్తు దగ్గర మీరైతే ఏం వేస్తరు?

పాలమూరు_కోచ్ (మహబూబ్‌నగర్):
ఈసారి ఎండ్‌గేమ్ క్లాసుల పెద్ద పిల్లలకు 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరో ఆట పెట్టిన. నవంబర్ 16, లండన్. తెల్లపావులు అప్పటి ఛాంపియన్ కార్ల్‌సన్‌వి, నల్లపావులు ఆయన మీద పోటీకొచ్చిన కరువానావి. ఓపెనింగ్ పెట్రోవ్ డిఫెన్స్, 80 ఎత్తులు, డ్రా. అప్పటికి కార్ల్‌సన్ రేటింగ్ 2835, కరువానాది 2832. ఒకటో నంబరూ రెండో నంబరూ, మధ్యల మూడు పాయింట్లు.

తెల్ల 68వ ఎత్తుగా బిషప్‌ను సి4ల పెట్టినంక బోర్డు ఇట్ల ఉన్నది. పావులు పేర్చుకొని చూడండి. గడి పేర్ల అక్షరం నిలువు వరస (తెల్ల దిక్కుకెల్లి చూస్తే ఎడమ నుంచి ఏ–హెచ్), అంకె అడ్డ వరస (తెల్ల దిక్కు నుంచి 1–8).

తెల్ల: రాజు జి6, బిషప్ సి4, బంట్లు ఎఫ్5, హెచ్5.
నల్ల: రాజు ఎఫ్8, బిషప్ జి5, గుర్రం డి4, బంటు ఎఫ్6.

ఎత్తు నల్లది. ఒక గుర్రం ఎక్కువున్నది, ఒక బంటు తక్కువున్నది. మీరైతే ఏం వేస్తరు? ఫోన్ల ఇంజన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం) తెరవకుండ చెప్పాలె. నా క్లాసుల ఎవ్వరూ చెప్పలే, అది ముందే చెప్తున్న.

జడ్చర్ల_సిసిలియన్:
గుర్రం ఎఫ్3. ఆడికెల్లి ఈ5కు, ఈ5కెల్లి మళ్ల ఎటైనా. గుర్రాన్ని తిప్పుకుంట తిప్పుకుంట తెల్ల రాజును జి6ల నుంచి లేపాలె. ఇంకేం ఉన్నది దాంట్ల?

గద్వాల_గుర్రం:
కోచ్ అన్నా, బిషప్ హెచ్4. నల్ల గెలుస్తది. ఇంజన్ కొంచెంసేపు ఆలోచించి చెప్పింది 😀

పాలమూరు_కోచ్:
తెరవొద్దని రాసినంక కూడా తెరిచినవా తమ్మీ. సరే, చెప్పినవ్ గద, ఇప్పుడు ఎందుకు గెలుస్తదో చెప్పు.

గద్వాల_గుర్రం:
అది చెప్పదు గద అన్నా. నంబర్ చూపిస్తది, అంతే.

నల్లగొండ_మాస్టారు:
కోచ్ గారు చివరి నుంచి మొదలుపెట్టారు గానీ ఈ ఆట మొదలు కూడా చూడదగ్గదే. మా బడిలో పిల్లలకు ముప్పై ఏళ్లుగా ఒకటే పాట పాడాను: ఓపెనింగ్‌లో ఒకే పావును పదేపదే కదపొద్దు, మిగతావన్నీ ఇంట్లో నిద్రపోతుంటాయి అని. కార్ల్‌సన్ తొలి తొమ్మిది ఎత్తులు రాసుకోండి. రాజు ముందు బంటు ఒకసారి, మంత్రి ఒకసారి. మిగిలిన ఏడూ ఒకే గుర్రం! ఎఫ్3, ఈ5లో బంటును కొట్టడం, డి3, ఎఫ్4, డి5, ఈ7లో మంత్రిని కొట్టడం, మళ్లీ డి5. అవతల కరువానా కూడా తన గుర్రంతో ఈ2లో మంత్రిని తీసి డి4కు వెనక్కి వచ్చాడు. ఎనిమిదో ఎత్తుకే మంత్రులు రెండూ పెట్టెలో పడ్డాయి.

ఇది చూసిన ఒక మనవడు "తాతా, వీళ్లకు మీ బళ్లో చెప్పలేదా" అన్నాడు. చెప్పినా వినే రకం కాదని చెప్పాను.

మంత్రులు పోయాయి కాబట్టి చప్పగా డ్రా అవుతుందని ఆ రోజు చాలామంది అనుకుని ఉంటారు. అవలేదు. నల్లపావులతో కరువానా మెల్లమెల్లగా ఒత్తిడి పెంచాడు. నలభయ్యో ఎత్తు దాటాక కార్ల్‌సన్ ఒక పావు వదిలేసి దానికి మూడు బంట్లు తీసుకున్నాడు.

వనపర్తి_నాన్న:
సార్లూ, మధ్యల వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు ఆట పెద్దగా రాదు, మా వాడు ఆడ్తడు. నాది ఒక్కటే ప్రశ్న. ఈ మధ్య మన దిక్కు ఒక ఓపెన్ టోర్నమెంట్ అయింది, ఏదని అడగొద్దు. ఆఖరి రౌండ్ల ఒకటో బోర్డు మీద ఇద్దరు మొనగాళ్లు పన్నెండు ఎత్తులు వేసి చేతులు కలిపిన్రు. డ్రా. బయటకొచ్చి చాయ్ తాగుతున్నరు. మా వాడు రెండో బోర్డు మీద గంటలకొద్ది కొట్లాడి గెలిచి మూడో స్థానం. ఈ "డ్రా" అనేది అసలు ఉండాల్నా? కబడ్డీల టై అయితే గిట్ల ఇంటికి పోతరా?

జడ్చర్ల_సిసిలియన్:
నాన్నా మీ బాధ కరెక్టే. నేను ఆ హాల్లనే ఉన్న. నేనైతే పదో బోర్డు 😅

పాలమూరు_కోచ్:
మీ వాడి ఆట నేను చూసిన, బాగ ఆడిండు. కానీ లెక్క చూడండి. స్విస్ పద్ధతిల (దగ్గరదగ్గర పాయింట్లున్నోళ్లను జతకట్టే పద్ధతి) ఆఖరి రౌండ్‌కు ముందు ఆ ఇద్దరూ మిగతా అందరికంటే అర పాయింట్ ముందున్నరు. డ్రా చేస్తే ఎవరు గెలిచినా వాళ్లను దాటలేరు, మహా అయితే సమానం అయితరు. అప్పుడు టైబ్రేక్. వాళ్లు ఎక్కువ పాయింట్లున్నోళ్లతోటి ఆడి వచ్చిన్రు కాబట్టి బుఖోల్జ్ (ఎదురాడినోళ్ల పాయింట్ల మొత్తం) వాళ్లకే ఎక్కువొస్తది. కొట్లాడితే మాత్రం ఒకరు మూడుకో నాలుగుకో పడ్తరు. నిబంధన ఒప్పుకుంటున్నంత కాలం ఇది మోసం కాదు.

నచ్చుతదా అంటే నాకూ నచ్చదు. ఇక్కడ ఆర్గనైజర్లు ముప్పై ఎత్తుల ముందు డ్రా అడగొద్దని నిబంధన పెట్టొచ్చు.

సూర్యాపేట_లెక్క (ఇప్పుడు హైదరాబాద్):
పెట్టినా ఆగదు కోచ్. ఒకే పొజిషన్ మూడుసార్లు వచ్చేటట్లు చేసి క్లెయిమ్ చేస్తరు. దాన్ని ఏ ఆర్బిటరూ (పోటీ రెఫరీ) ఆపలేడు. 2005లో సోఫియాలో అయిన టోర్నమెంట్‌ల ఆటగాళ్లు ఒకరినొకరు డ్రా అడగొద్దు, ఆర్బిటర్ ద్వారానే అని పెట్టిన్రు. అప్పటి నుంచి దానికి సోఫియా నిబంధన అనే పేరుపడ్డది. 2021 దుబాయ్ ప్రపంచ పోటీల నలభై ఎత్తుల దాకా ఒప్పుకోవద్దన్నరు. నార్వే చెస్‌ల అయితే డ్రా అయినంక ఆర్మగెడాన్ ఆడిస్తరు. దాంట్ల నల్లకు టైం తక్కువ, కానీ డ్రా అయితే నల్లే గెలిచినట్టు. ఎన్ని పెట్టినా ఇద్దరికీ డ్రా కావాల్నంటే అయితది.

2023 డిసెంబర్ల సమర్‌ఖండ్‌ల ప్రపంచ బ్లిట్జ్ (కొన్ని నిమిషాలల్ల అయ్యే ఆట) పోటీ గుర్తున్నదా? దుబోవ్, నెపోమ్నియాష్చి గుర్రాలను బోర్డంతా ఊరేగించి మళ్ల ఇంటికి తెచ్చి పదమూడు ఎత్తులల్ల డ్రా అన్నరు. చీఫ్ ఆర్బిటర్ ఇద్దరికీ సున్న ఇచ్చిండు.

వనపర్తి_నాన్న:
అట్ల సున్న ఇయ్యాలె! మన కాడ ఎందుకు ఇయ్యరు?

సూర్యాపేట_లెక్క:
అక్కడ గుర్రాలు ఊరేగినయ్ కాబట్టి ముందే మాట్లాడుకున్నరని కండ్లకు కనపడ్డది. ఇక్కడ పుస్తకంల ఉన్న ఓపెనింగ్ పన్నెండు ఎత్తులు వేసిన్రు. ఏం చూపించి సున్న ఇస్తరు?

దేవరకొండ_అక్క:
అందరూ చిన్న డ్రా మీదనే పడ్డారు. చిన్నదైనంత మాత్రాన పిరికిది కాదు. 2023 బాకు ప్రపంచ కప్ ఫైనల్ రెండో ఆట చూశారా? కార్ల్‌సన్ తెల్లపావులతో ముప్పై ఎత్తుల్లో ప్రజ్ఞానందతో డ్రా చేసుకున్నాడు. అంతకుముందు ఫుడ్ పాయిజనింగ్‌తో పడుకుని లేచాడు. ఒంట్లో బలం లేనప్పుడు అదే సరైన ఆట. మర్నాడు ర్యాపిడ్‌లో (తక్కువ టైం ఆటలో) గెలిచి కప్పు తీసుకుపోయాడు.

నాకు ఆ రోజు ఎందుకు గుర్తుందంటే ఆగస్టు 23, చంద్రయాన్-3 దిగిన సాయంత్రం. టీవీలో ల్యాండర్, చేతిలో ఫోన్‌లో బోర్డు. మా స్టాఫ్ రూంలో ఎవరికీ చెస్ అక్కర్లేదు, నాకొక్కదానికే రెండు టెన్షన్లు.

గద్వాల_గుర్రం:
అక్కా, దానికంటే ముందు క్వార్టర్ ఫైనల్‌ల మన వరంగల్ అర్జున్ ప్రజ్ఞానంద చేతిల ఓడిండు గద. డ్రాలు చేసుకుంట చేసుకుంట సడన్ డెత్ (ఒక్క గెలుపుతోటి తేలిపోయే ఆట) దాకా పోయిన్రు. ఆ రోజు ఇంట్ల అన్నం తినలే నేను.

దేవరకొండ_అక్క:
ఉత్త డ్రాలే కాదు తమ్ముడూ, ఆ మ్యాచ్‌లో ఒకరు గెలిస్తే ఇంకొకరు తిరిగి గెలుస్తూ పోయారు. 5–4. అర్జున్‌కు డ్రా అంటే పడదు, నల్లపావులతో కూడా గెలుపుకే ఆడతాడు. 2024 డిసెంబర్ లిస్టులో 2800 దాటాడంటే అందుకే. మనదేశంలో ఆనంద్ తర్వాత అతనే.

నల్లగొండ_మాస్టారు:
డ్రాల సంగతి మా కాలం వాళ్లను అడగండి. 1984 సెప్టెంబర్‌లో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్ మొదలుపెట్టారు. ముందు ఆరు గెలిచినవాడు ఛాంపియన్. డ్రాలకు లెక్క లేదు. తొమ్మిది ఆటలకే కార్పోవ్ 4–0. ఇంకేముంది, రెండు వారాల్లో అయిపోతుందన్నాం. అక్కణ్నుంచి వరసగా పదిహేడు డ్రాలు! నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. గడియారం సెంటర్‌లో పేపర్ కొనుక్కుని ఆటల పేజీ తిప్పితే "డ్రా". మర్నాడు "డ్రా". దీపావళి వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది, వాళ్లు ఆడుతూనే ఉన్నారు. 1985 ఫిబ్రవరి 15న ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) అధ్యక్షుడు కంపోమనేస్ వచ్చి ఫలితం లేకుండా ఆపేశాడు. 48 ఆటలు, 40 డ్రాలు, స్కోరు 5–3.

అయితే ఆ డ్రాల్లోనే కాస్పరోవ్ ఆట నేర్చుకున్నాడని నా అభిప్రాయం. 4–0తో వెనకబడ్డ కుర్రాడు ఓడకుండా కూర్చోవడం నేర్చాడు. అదే ఏడాది నవంబర్‌లో కొత్త మ్యాచ్ గెలిచి ఛాంపియన్ అయ్యాడు.

వేదిక_నిర్వాహకుడు:
చర్చ బాగుంది గానీ కోచ్ గారి పొజిషన్ వదిలేశాం. టోర్నమెంట్ డ్రాల మీద వేరే శీర్షిక తెరిచాను, అటు రాయండి. ఇక్కడ 68వ ఎత్తు.

ఎఫ్6_బంటు (మిర్యాలగూడ):
రాత్రి మిల్లు నుంచి వచ్చినంక బోర్డు ముంగట కూసున్న. నాకు అర్థమైంది రాస్త, తప్పుంటే కోచ్ దిద్దాలె.

ముందు నా పేరున్న బంటు సంగతి. నల్లకు మిగిలింది ఆ ఒక్క బంటు. అది పోతే గుర్రం, బిషప్ ఉన్నా అవతల బిషప్ ఉన్నది కాబట్టి గెలవలేదు. అట్లని తెల్ల తన బిషప్‌ను ఇచ్చేసి ఆ బంటును తీస్త అంటే కూడా నడవదు. ఉత్త రాజుకు ఎదురుగా బిషప్, గుర్రం ఉంటే మేట్ చెయ్యొచ్చు. కష్టమే గానీ ఎక్కడికెల్లి మొదలుపెట్టినా 33 ఎత్తులు దాటదు. అంటే తెల్ల ఏం ఇయ్యలేదు, ఏం తియ్యలేదు. కాపలా ఒక్కటే కాయాలె.

ఆ కాపలా ఎట్ల కాస్తున్నడు? రాజు జి6ల కూసొని రెండు బంట్లకూ ఆసరా ఇస్తున్నడు. బిషప్ తెల్ల గడుల మీద తిరుక్కుంట గుర్రం రావాల్సిన గడులను మూస్తున్నది. ఇద్దరిల ఒకరు తన పని వదిలినా ఈ కాపలా కోట కూలుతది.

మా ఊర్ల అరుగు మీద పులిమేక ఆడేటప్పుడు పులికి బలం ఎక్కువే, కానీ మేకలు సందు ఇయ్యకుండ కూసుంటే అది లోపల తిరుగుడే. ఇది అట్లనే ఉన్నది.

పాలమూరు_కోచ్:
శభాష్. 33 లెక్క కూడా సరిపోయింది. ఒక్కటి కలుపుతున్న. ఆ కోట ఎట్ల వచ్చిందో ఎత్తులు వెనక్కి తిప్పి చూడండి, నాకైతే ఆటంతట్ల అదే గొప్ప భాగం. 51వ ఎత్తుల బి బంటును తనే బి4కు తోసి తినమన్నడు. 58ల ఏ బంటును ఏ5కు తోసి తినమన్నడు. బిషప్ ఆ బంట్లను తినుకుంట ఎడమ దిక్కు తిరుగుతుంటే తెల్ల రాజు ఎఫ్3, జి4, హెచ్5, జి6, హెచ్7 అని నల్ల రాజు ఇంట్లకే నడిచిపోయిండు. మామూలుగ పావు తక్కువున్నోడు బంట్లను పట్టుకొని వేలాడ్తడు. ఈయన రెండు బంట్లు పారేసి రాజుకు దారి కొన్నడు. నా క్లాసుల పిల్లలు ఎవ్వరూ బి4 వేస్తమనలే. నేను కూడా ఆ కుర్చీల ఉంటే వెయ్యను.

జడ్చర్ల_సిసిలియన్:
సరే, మరి బిషప్ హెచ్4ల ఏమున్నది? చూస్తే ఏం చేస్తలేదు. పక్క గడికి పోయింది, గంతే.

ఎఫ్6_బంటు:
అదే నాకు తెల్లారేదాక అర్థం కాలే. గద్వాల తమ్ముణ్ని ఇంజన్ల చూసి ఎత్తులు మాత్రం అడిగిన. ఒక దారి ఇది. నల్ల బిషప్ హెచ్4. తెల్ల బిషప్ డి5, గుర్రానికి ఎఫ్3 దొరకకుండ. గుర్రం ఈ2. ఇప్పుడు అది ఎఫ్4కు చెక్‌తోటి రావాలె, హెచ్5 బంటును కొట్టాలె. అందుకే తెల్ల బిషప్ ఎఫ్3కు వచ్చి గుర్రాన్ని బెదిరిస్తది, అదే గీత మీద హెచ్5ను కూడా కాస్తది. ఇక్కడ మనిషైతే ఎఫ్4 అంటడు. ఇంజన్ గుర్రాన్ని జి1ల పెడ్తది!

దేవరకొండ_అక్క:
మూలకా? రాజులు అటు పైన కొట్లాడుకుంటుంటే గుర్రం మొదటి వరసలోకి?

ఎఫ్6_బంటు:
అవునక్కా. ఇంకా వినండి. ఎఫ్3ల ఉన్న బిషప్‌ను గుర్రం కొడ్తది కాబట్టి అది జి4కు జరుగుతది. అప్పుడు జి1 గుర్రానికి ఉన్నయే మూడు గడులు: ఈ2, ఎఫ్3, హెచ్3. మూడూ జి4 బిషప్ చేతిల. గుర్రం ఖైదు. నల్ల తన గుర్రాన్ని తనే ఖైదు చేయించుకున్నది. అప్పుడు నిమ్మళంగ రాజును ఎఫ్8కెల్లి జి8కు జరుపుతది. అంతే. ఇప్పుడు ఎత్తు తెల్లది.

పాలమూరు_కోచ్:
ఇక్కడ ఆగి పిల్లలను అడిగిన: తెల్ల ఏం వెయ్యాలె?

బిషప్ ఎఫ్3కో, ఈ2కో, హెచ్3కో పోతే గుర్రం దాన్నే తింటది. డి1కు పోతే హెచ్3 గడి ఖాళీ, గుర్రం అటు దుంకి ఎఫ్4కు చెక్‌తోటి వస్తది. చెక్‌కు రాజు జి6 వదలాల్సిందే, హెచ్6 తప్ప గడి లేదు. పోనీ రాజునే ముందు హెచ్6కు జరుపుదామంటే నల్ల రాజు ఎఫ్7కు వచ్చి కూసుంటడు, జి6కు మళ్ల రానియ్యడు. ఏం వెయ్యకుండ ఉంటే కోట నిలుస్తది. కానీ చెస్‌ల ఏం వెయ్యకుండ ఉండే హక్కు లేదు. జుగ్‌జ్వాంగ్‌కు (ఏది వేసినా నష్టమే, వెయ్యక తప్పదు అనే స్థితి) ఇంతకంటే మంచి పాఠం నా దగ్గర లేదు.

జడ్చర్ల_సిసిలియన్:
నా తల తిరుగుతున్నది. అంటే ఖైదుల ఉన్న గుర్రమే కావల్నా? అది బిషప్‌ను జి4ల కట్టేసింది!

పాలమూరు_కోచ్:
ఇప్పుడు దొరికింది నీకు. ఎవరు ఎవర్ని పట్టుకున్నరో అక్కడే తిరగబడ్డది.

సూర్యాపేట_లెక్క:
టేబుల్‌బేస్‌ల (కొన్ని పావులే మిగిలిన పొజిషన్లకు ముందే లెక్కగట్టిన జవాబుల పట్టిక) చూస్తే మేట్ ఎన్ని ఎత్తులకో కచ్చితంగ తెలుస్తది గద?

గద్వాల_గుర్రం:
బోర్డు మీద ఎనిమిది పావులున్నయ్ అన్నా, లెక్కపెట్టు. టేబుల్‌బేస్‌లు పూర్తిగ అయినయి ఏడు పావుల దాకనే. సిజిజీ అనే టేబుల్‌బేస్ ఏడు పావులది ఆ 2018లనే పూర్తయింది. అందుకే ఆ రోజు నార్వేల ఉన్న సెస్సె కంప్యూటర్ ముప్పైకి పైగ ఎత్తులల్ల మేట్ అని చూపిస్తే అందరూ ఉలిక్కిపడ్డరు. అది పుస్తకంల ఉన్న జవాబు కాదు, అప్పటికప్పుడు లెక్కకట్టింది.

పాలమూరు_కోచ్:
ఇంజన్ తెరిచినందుకు తిట్టిన గానీ ఈ మాట బాగ చెప్పినవ్ తమ్మీ.

వనపర్తి_నాన్న:
అంటే కరువానా గెలిచే ఆటను పోగొట్టుకున్నడు. ప్రపంచ ఛాంపియన్ అయ్యే అవకాశం చేతిల పెట్టుకొని. ఇంత పెద్దోడు ఎట్ల మిస్ అయిండు?

నల్లగొండ_మాస్టారు:
పోగొట్టుకున్నాడు అనే మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. చేతిలోకి వచ్చినది జారితే పోగొట్టుకోవడం. ఇది అతని కంటికి ఎన్నడూ కనపడనే లేదు. తన గుర్రాన్ని మూలకు పంపి, అక్కడ బంధించుకుని, ఆ తర్వాత రాజును పక్క గడికి జరపడం ఏ మనిషి బుర్రకూ తట్టదు. కాస్పరోవ్ కూడా ఆ రోజు ట్విట్టర్‌లో ఈ మాటే అన్నాడు: కరువానా ఆ బిషప్ ఎత్తు వేసి ఉంటే వెంటనే మెటల్ డిటెక్టర్ తెమ్మనేవారని. అంటే ఇంజన్ చూసి వేశాడని అనుమానించేవారన్నమాట.

సూర్యాపేట_లెక్క:
గడియారం కూడా చూడాలె. ఆ మ్యాచ్‌ల నలభై ఎత్తులకు వంద నిమిషాలు, తర్వాతి ఇరవైకి యాభై, అరవై దాటినంక మొత్తం ఆటకు పదిహేను నిమిషాలు. ఎత్తుకు ముప్పై సెకండ్లు కలుస్తయ్. 68వ ఎత్తు అంటే ఆ ఆఖరి పదిహేను నిమిషాలల్ల ఉన్నడు. గంటలకొద్ది కూసున్న బుర్ర. మనం చాయ్ తాగుకుంట "బిషప్ హెచ్4" అంటున్నం.

జడ్చర్ల_సిసిలియన్:
మాస్టారూ, నేను ఒప్పుకోను. ఇంజన్ గెలుపంటే అది గెలుపే. పొజిషన్‌కు మనిషి అలసిపోయిండా లేదా తెలవదు. గెలిచే పొజిషన్‌ను డ్రా చేసుకున్నడు అనుడే న్యాయం.

నల్లగొండ_మాస్టారు:
ఆ లెక్కన మనం ఆడే ప్రతి ఆటా పదిసార్లు గెలిచి పదిసార్లు ఓడినట్టే నాయనా. స్కోర్‌షీట్ మీద ఇద్దరూ సంతకం పెట్టింది అర పాయింట్‌కు.

జడ్చర్ల_సిసిలియన్:
సంతకం సంగతి కాదు సార్. మీరు క్లాసుల ఈ పొజిషన్ పెట్టి "ఇది డ్రా" అని చెప్తరా, "ఇది నల్ల గెలుపు" అని చెప్తరా?

దేవరకొండ_అక్క:
జడ్చర్ల తమ్ముడి ప్రశ్న మంచిది. నేనైతే రెండూ చెప్తాను, వేర్వేరు క్లాసుల్లో. బంటు, ఏనుగు ఎండ్‌గేమ్‌లు ఇప్పుడిప్పుడే నేర్చుకునే పిల్లకు ఇది డ్రా. కార్ల్‌సన్ ఎట్లా కాపాడుకున్నాడో అది నేర్చుకోవాలి, రేపు తన ఆటలోకి పనికొస్తుంది. గుర్రం జి1 చూపిస్తే అద్భుతమని నోరు తెరుస్తుంది, కానీ జన్మలో వాడుకోదు. పిల్లలకు ముందు ఇంజన్ గెలుపు చూపించడం నాకు నచ్చదు. ఆడినవాళ్లంతా మూర్ఖులని అనుకుంటారు. మా బడిలో ఒక అమ్మాయి నిజంగానే అడిగింది, "కరువానాకు ఇది కూడా తెలియదా మేడం" అని. ఆ పిల్ల రేటింగ్ ఇంకా మొదలే కాలేదు!

గద్వాల_గుర్రం:
😂😂

వనపర్తి_నాన్న:
మరి ఆ మ్యాచ్ చివరికి ఎవరు గెలిచిన్రు?

సూర్యాపేట_లెక్క:
పన్నెండు ఆటలూ డ్రా నాన్నా. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల మామూలు ఆటలన్నీ డ్రా అయింది అదే మొదటిసారి. మొదటి ఆటనే 115 ఎత్తులు, ఏడు గంటలు. పన్నెండో ఆటల కార్ల్‌సన్‌ది మంచి పొజిషన్, అయినా 31వ ఎత్తుల డ్రా అడిగిండు. చాలామంది తిట్టిన్రు, భయపడ్డడని. ర్యాపిడ్ టైబ్రేక్‌ల 3–0 గెలిచిండు.

వనపర్తి_నాన్న:
అంటే ఆయన కూడా మన టోర్నమెంట్ మొనగాళ్ల లెక్కనే చేసిండు. లెక్క చూసుకొని చేతులు కలిపిండు.

పాలమూరు_కోచ్:
ఆ పన్నెండో ఆట వరకు అవును. ర్యాపిడ్‌ల తనకే బలం ఎక్కువని తెలుసు, అందుకే అడిగిండు. దాన్ని నేను సమర్థిస్త, అది ప్లాన్. కానీ నాన్నా, అదే మనిషి ఆరో ఆటల రాజును హెచ్7 దాక నడిపించిండు. మీ వాడికి రెండూ చూపించండి. పన్నెండు ఎత్తుల డ్రా మీద కోపం మీ దగ్గరే ఉంచుకోండి, పిలగాని నెత్తిన పెట్టకండి. వాడు రేపు అటువంటి బోర్డు మీద కూసున్ననాడు అర పాయింట్ చాలనిపిస్తే తీసుకోవాలె, చాలదనిపిస్తే ఆడాలె. నాన్న ఏమంటడో అని ఆలోచిస్తే ఆట చెడ్తది.

వనపర్తి_నాన్న:
అది మాత్రం కరెక్ట్ అన్నా. కానీ ముప్పై ఎత్తుల నిబంధన పెట్టమని నేను అడుగుతనే ఉంట.

పాలమూరు_కోచ్:
అడగండి. నేను కూడా సంతకం పెడ్త.

ఎఫ్6_బంటు:
కోచ్, ఒక డౌటు. నల్ల రాజు జి8కు వచ్చినంక తెల్ల హెచ్ బంటును హెచ్6కు తోస్తే? దాని గురించి ఎవ్వరూ రాయలే. బిషప్ కదలొద్దు, రాజు కదలొద్దు, బంటుకు మాత్రం ఒక ఎత్తు ఉన్నది గద.

పాలమూరు_కోచ్:
దాన్ని కావాల్ననే వదిలిన. ఆదివారం పెద్ద బోర్డు మీద అదే పెడ్త. గద్వాల తమ్మీ, నువ్వు మాత్రం నోరు మూసుకో.

గద్వాల_గుర్రం:
మూసుకున్న అన్నా 🤐

జడ్చర్ల_సిసిలియన్:
ఆదివారం ఎన్నింటికి? నేను నల్ల గెలుపు పక్షాన వస్త, మాస్టారు డ్రా పక్షాన రావాలె.

నల్లగొండ_మాస్టారు:
నల్లగొండ నుంచి పొద్దున బస్సు పట్టుకుంటే పదకొండు అవుతుంది. వస్తాను. నేను తెల్లపావులతోనే కూర్చుంటాను, ముందే చెబుతున్నా.

పాలమూరు_కోచ్:
పదింటికి మొదలు, మాస్టారు వచ్చినంకనే ఈ పొజిషన్ తీస్తం. ఎవరి బోర్డు వాళ్లు తెచ్చుకోండి. డిజిటల్ గడియారం ఉన్నోళ్లు అది కూడా, మా దగ్గర మూడే పనిచేస్తున్నయ్.

వనపర్తి_నాన్న:
మా వానికి పదకొండు దాక ట్యూషన్ ఉన్నది. పన్నెండుకు తీసుకొస్తే నడుస్తదా?

పాలమూరు_కోచ్:
నడుస్తది. హెచ్6 ఎత్తు వానికి ముందు చెప్పకండి.